విప్పి చూడని పంపు

మా రోజుల్లో ఇంటికి కొత్త సామాను వస్తే ముందు స్క్రూడ్రైవరు వెతికేవాళ్ళం. లోపల ఏముందో కళ్ళారా చూశాకే దాన్ని నమ్మేవాళ్ళం. ఇప్పుడు అట్టపెట్టె మీది బొమ్మ చూసి నమ్ముతున్నారు. పెట్టెతో సహా డిక్కీలో పడేసి, ఏ రాత్రిపూటో హైవే పక్కన మొదటిసారి బయటికి తీస్తున్నారు. నాకు కడుపు మండేది అక్కడే.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడుగారు, మనవరాలు హైదరాబాదు నుంచి కార్లో బయల్దేరారు. సూర్యాపేట దాటి కోదాడ వైపు వస్తుంటే, వెనక టైర్లో గాలి తగ్గిందని డాష్‌బోర్డు మీద దీపం వెలిగింది. రాత్రి తొమ్మిదిన్నర. ఆ కారుకి స్టెపినీ లేదు. 2020లో రూలు మార్చారు కదా! ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సార్లు, పంచరు కిట్టు ఉంటే కారుతో పాటు స్టెపినీ ఇవ్వక్కర్లేదన్నారు. అయిదో చక్రం పోయింది, దాని బదులు చెంబంత పంపు వచ్చింది. 12 వోల్టులది, సిగరెట్ లైటరు సాకెట్లో గుచ్చేది. అల్లుడుగారు దాన్ని గుచ్చి స్విచ్చి వేశారు. నాలుగు నిమిషాలు గడగడలాడింది. తర్వాత కాలిన వాసన. ఆ తర్వాత చప్పుడే లేదు. ప్లగ్గు ముట్టుకుంటే చురుక్కుమందట. ఫ్యూజు పోయింది.

ఆ చీకట్లో వాళ్ళని ఆదుకున్నది ఒక లారీ డ్రైవరు. లారీకి బ్రేకులు పనిచేసేదే గాలితో. ఇంజనుకి కంప్రెసరు ఉంటుంది, చాసిస్ పక్కన గాలి టాంకులు ఉంటాయి. అనుభవం ఉన్న డ్రైవర్లు ఆ టాంకుకి తగిలించే రబ్బరు గొట్టం ఒకటి చుట్టచుట్టి దగ్గర పెట్టుకుంటారు. ఆయన ఆ గొట్టం తీసి, గాలి కొట్టి, అరచేత్తో టైరు మీద రెండు దెబ్బలు వేసి, "వాల్వు దగ్గర కారుతోంది సార్, కోదాడలో చూపించుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆయనెవరో గానీ ఆ రాత్రి మా ఇంటికి పెద్ద కొడుకులా పనికొచ్చాడు. ఆయనే రాకపోతే? ఆడపిల్లతో రోడ్డు పక్కన ఎంతసేపు నిలబడాలి? పండగ మూడు రోజులూ నా మనసులో ఇదే తిరిగింది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా వాళ్ళూ కదల్లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పంపు తెప్పించుకుని అరుగు మీద పాత దుప్పటి పరిచి కూర్చున్నాను. 

"కొత్తదాన్ని విప్పేస్తున్నావేంటి తాతయ్యా? వారంటీ పోతుంది" అంది మనవరాలు.

"వారంటీ కాగితం రోడ్డు మీద గాలి కొడుతుందా అమ్మడూ? టార్చి పట్టుకో" అన్నాను.

నేను గాలి పని నేర్చుకున్నది 1974లో, చిలకలూరిపేటలో, అయిదో నంబరు రోడ్డు మీద ఒక పంచరు షాపులో. ఆ రోడ్డుకి 2010లో 16 అని నంబరు మార్చారు గానీ నా నోటికి అయిదే వస్తుంది. ఓనరుని బాబాయ్ అనేవాళ్ళం. మొదటి మూణ్ణెల్లు నన్ను టైరు ముట్టుకోనివ్వలేదు. నా పనల్లా కంప్రెసరు. కోయంబత్తూరులో తయారైన ఎల్జీ కంప్రెసరు అది. రెండు సిలిండర్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద సిలిండరు గాలిని కొంత నొక్కి రెక్కల గొట్టంలోకి పంపుతుంది. అక్కడ చల్లబడ్డాక చిన్న సిలిండరు దాన్ని మళ్ళీ నొక్కుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలిని నొక్కడం కష్టం. అందుకే లారీ టైరుకి కావలసిన 100 పౌన్లు దాటిన గాలిని రెండు విడతలుగా తయారుచేస్తారు.

పొద్దున షాపు తెరవగానే టాంకు కింద కుళాయి తిప్పాలి. రాత్రంతా అడుగున చేరిన నీళ్ళు తుప్పు రంగులో బుసబుసమంటూ వస్తాయి. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో సగం చెంబు నీళ్ళు వచ్చేవి. అవి టాంకులో ఉంటే టాంకుని లోపల్నించి తుప్పు తింటుంది. తర్వాత ఆయిలు అద్దంలో మట్టం చూడాలి. బెల్టుని బొటనవేలితో నొక్కాలి, అరంగుళం లోపలికి వెళ్ళాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. గాలి పీల్చే జల్లెడ దులపాలి. స్టార్టు చేసి ఒత్తిడి ఎక్కాక సేఫ్టీ వాల్వు ఉంగరం పట్టి లాగాలి. పుస్సుమని గాలి వదిలితే అది బతికున్నట్టు. ఆ ఉంగరం లాగకుండా నేనొకసారి గొట్టం చేతిలోకి తీసుకుంటే బాబాయ్ నా చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బ ఎందుకో నాకు ఏడాది తర్వాత అర్థమైంది. ఆ రోజుల్లో లారీ చక్రాలకి లాకు రింగు ఉండేది. టైరుని రిమ్ము మీద ఆపేది ఆ ఇనప రింగే. అది సరిగ్గా కూచోకుండా గాలి ఎక్కిస్తే తుపాకీ గుండులా ఎగిరేది. రింగుని నేల వైపో గోడ వైపో తిప్పి, గొలుసు చుట్టి, మనం పక్కకి నిలబడి గాలి కొట్టేవాళ్ళం. మా షాపుకి నాలుగు మైళ్ళ అవతల ఒక కుర్రాడు ఎదురుగా నిలబడి కొట్టాడు. పందొమ్మిదేళ్ళ వాడు. వాళ్ళ అమ్మ ఏడుపు నాకింకా వినబడుతుంది.

అందుకే గాలి పనంటే నాకు తేలిక కాదు. కంటికి కనబడదు గనక లేనట్టే అనుకుంటారు జనం.

సైకిలు పంపుకైనా మర్యాద ఉండేది. లోపల గిన్నె ఆకారంలో తోలు వాషరు ఉంటుంది. ఎండాకాలంలో అది బిగుసుకుపోయి, కాడ పైకీ కిందకీ ఉత్తినే ఆడేది, గాలి వచ్చేది కాదు. మూత మర విప్పి, వాషరు తీసి, రాత్రంతా ఆముదంలో నానబెట్టి, పొద్దున వేళ్ళతో అంచులు బయటికి సాగదీసి బిగిస్తే పంపు మళ్ళీ కొత్తదయ్యేది. అరిగిపోతే అర్ధరూపాయి పెట్టి కొత్త వాషరు కొనేవాళ్ళం. ఏ సైకిలు షాపులో అడిగినా డబ్బాలోంచి తీసి ఇచ్చేవాళ్ళు. మా నాన్న కొన్న పంపు నేనూ వాడాను, మా అబ్బాయీ వాడాడు. మూడు తరాల్లో అందులో మారింది వాషరొక్కటే.

ఇక అరుగు మీద పంపు సంగతి. దీనికి పైకి ఒక్క స్క్రూ కూడా కనబడదు. కింద రబ్బరు కాళ్ళు గోరుతో లేపితే వాటి అడుగున దాచారు, నాలుగు. అందులో మూడు మామూలువి, ఒకటి నక్షత్రం గాడిది. ఆ ఒక్కటీ ఎందుకు? మామూలు స్క్రూడ్రైవరున్నవాడు విప్పకూడదని తప్ప ఇంకో కారణం నాకు తోచలేదు. డబ్బు పెట్టి కొన్నవాడి చెయ్యి లోపలికి పోకూడదని తయారుచేసినవాడు అనుకున్నాడంటే, వస్తువుని మనకి అమ్మినట్టా, అద్దెకిచ్చినట్టా?

విప్పాక ముందు మంచి చెప్పాలి. మోటారు గట్టిదే. బ్రష్షులు నల్లబడలేదు, బుష్షులో ఆట లేదు. సిలిండరు అల్యూమినియం, నా బొటనవేలంత లావు, రెక్కలతో బాగానే పోశారు. పిస్టన్‌కి టెఫ్లాన్ రింగు. అంటే నూనె అక్కర్లేదు, పొయ్యకూడదు కూడా. పోస్తే అది గొట్టంలోంచి టైరులోకి పోతుంది, రబ్బరుకి పడదు. ఇంత చిన్న యంత్రం ఆడపిల్ల ఒక చేత్తో పట్టుకుని గాలి కొట్టుకునేలా తయారైందంటే సంతోషమే. కాలు పంపు మీద చెమటలు కక్కుతూ తొక్కినవాణ్ణి, ఆ సుఖం నాకు తెలుసు.

మిగతాదంతా పైన పటారం, లోన లొటారం.

వైరు చూడండి. పైకి చిటికెన వేలంత లావు. బ్లేడుతో తొక్క చీరితే, లావంతా తొక్కే, లోపల దారప్పోగుల్లాంటి తీగలు కొన్నే. ఒక పోగుని బ్లేడుతో గీకాను. ఎర్రటి పూత పోయి లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం! రాగి పూత పూసిన అల్యూమినియం. మనవరాలు ఆ పోగుని టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. తను ఇంజనీరింగు రెండో ఏడు, ఎలక్ట్రికల్ బ్రాంచి. 

"కారెక్కి ఇంజను స్టార్టు చెయ్యమ్మా, లెక్క చూద్దాం" అన్నాను. కాలిన ఫ్యూజు తీసి అదే కొలతది, 10 ఆంపియర్లది వేసి, టైరుకి తగిలించి, మల్టీమీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. పంపు నడుస్తుండగా మోటారు కాళ్ళ దగ్గర 10.9. టైరులో గాలి 30 దాటేసరికి మోటారు 9 ఆంపియర్లు లాగుతోంది. 

మనవరాలే లెక్క కట్టింది. "మూడు వోల్టులు దారిలోనే పోతున్నాయి తాతయ్యా. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. 27 వాట్లు వైరూ ప్లగ్గూ తింటున్నాయి." 

"మన ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ ఎన్ని వాట్లది?" అన్నాను. 

తను లోపలికి వెళ్ళి చూసొచ్చింది. "25." 

టాంకా కరిగించే ఐరన్ ఎంత వేడో అంత వేడి ఆ వైరులో, ప్లగ్గులో పుడుతోందన్నమాట. తను వైరుని పట్టుకుని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ లెక్క పరీక్షలో ఎన్నిసార్లు రాసిందో, చేతికి తగలడం ఇదే మొదటిసారి. చదువు చెప్పేవాళ్ళ మీద నా ఫిర్యాదు ఇది. పిల్లలకి సూత్రం చెప్తున్నారు, వైరు చేతికివ్వట్లేదు. మేం సూత్రం తెలియకపోయినా వైరు పట్టుకుని చూసేవాళ్ళం. రెండూ ఉన్న తరం ఎంత గొప్పగా ఉండాలి!

రెండోది గేజి. దాని ముఖం పాత రూపాయి బిళ్ళంత. అందులో సున్నా నుంచి 300 దాకా అంకెలు! ఇది కారుకి, మోటారు సైకిలుకి, పిల్లల బంతికి గాలి కొట్టే పంపు. కారుకి కావలసింది 33. ఆ 33 అనేది మొదటి మూలలో, గోరంత జాగాలో ఇరుక్కుని ఉంది. గేజి తప్పుని మొత్తం కొలత మీద లెక్కకడతారు. 300లో నూటికి మూడు పాళ్ళు తప్పు ఉంటే 9 పౌన్లు అటూ ఇటూ. 33 అనుకుని మనం 24తో తిరుగుతుండొచ్చు, 42తో తిరుగుతుండొచ్చు. నా దగ్గర ముప్పై ఏళ్ళ నాటి ఇత్తడి గేజి ఉంది, గుడ్డలో చుట్టి పెట్టుకుంటాను. పంపు నడుస్తుండగా దాని గేజి 38 చూపించింది. ఆపితే 35కి దిగింది. అది సహజమే, నడిచేటప్పుడు గొట్టంలో ఒత్తిడి టైరు కంటే ఎక్కువ ఉంటుంది. అందుకే నడుస్తున్న పంపు మాట నమ్మకూడదు, ఆపి చూడాలి. కానీ ఆపి, గొట్టం తీసి, నా ఇత్తడి గేజి పెడితే 29! ఆరు పౌన్లు తేడా. మెత్తటి టైరుతో ఎండాకాలం మధ్యాహ్నం వందకి పైగా స్పీడులో వెళ్తే టైరు గోడలు మడతపడి మడతపడి వేడెక్కుతాయి. అలాగే పగిలిపోతాయి. పేలిన టైరు దగ్గర జనం మూగి ఎండకి పేలిందంటారు. చాలాసార్లు ఎండకి తోడు తక్కువ గాలి ఉంటుంది.

మూడోది, గేజి మెడ దగ్గర సబ్బునురుగు రాస్తే బుడగలు లేచాయి. అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టనేలేదు. గొట్టం ప్లాస్టిక్కుది, చలికి కర్రలా బిగిసింది, మూరెడు కూడా లేదు. సేఫ్టీ వాల్వు వెతికాను. లేదు. గాలి పీల్చే కన్నానికి జల్లెడా లేదు, రోడ్డు పక్క దుమ్ములో పెట్టి నడిపితే ఆ దుమ్మంతా సిలిండరులోకే. పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాలు భూతద్దంతో చదివితే, పది నిమిషాలు నడిపి పదిహేను నిమిషాలు ఆపాలని ఉంది. అది పైన పెద్ద అక్షరాలతో రాయాల్సిన మాట. పైన ఏం రాశారయ్యా అంటే, ఎంత వేగంగా గాలి ఎక్కుతుందో.

మర్నాడు గుంటూరు వెళ్ళి సామాను తెచ్చాను. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, జంటది, నాలుగు మీటర్లు. కొనేముందు కొన గీకి చూశాను, లోపలా ఎరుపే. బ్యాటరీకి పట్టించే క్లిప్పులు, 15 ఆంపియర్ల ఫ్యూజు, దాని గూడు. 60 పౌన్ల దాకా మాత్రమే చూపించే గేజి. నూలు అల్లిక ఉన్న రబ్బరు గొట్టం, ఇత్తడి మరతో. అంతా కలిపి పంపు ధరలో సగం కాలేదు.

లైటరు ప్లగ్గు కోసి పారేశాను. ఇక నేరుగా బ్యాటరీకే. ఫ్యూజుని బ్యాటరీ వైపు, క్లిప్పుకి జానెడు దూరంలో పెట్టాను. పంపు వైపు పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని చాసిస్‌కి తగిలినప్పుడు ఫ్యూజుకి తెలియదు, వైరు అంటుకుంటుంది. ఇది చాలామంది తప్పు చేసే చోటు. ఇంకో తప్పుంది, ఫ్యూజు పోయిందని పెద్ద ఫ్యూజు వెయ్యడం, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టడం. ఫ్యూజు వైరుని కాపాడ్డానికి ఉంది. వైరు సన్నగా ఉంచి ఫ్యూజు పెంచితే ఇల్లు తెరిచి కుక్కని కట్టేసినట్టే. నేను వైరు లావు చేశాకే ఫ్యూజు పెంచాను.

స్విచ్చి దగ్గర టాంకా పొడిగా ఉంది, వేలితో కదిపితే ఊడొచ్చింది. గీకి, ఫ్లక్సు రాసి, మళ్ళీ పెట్టాను, మనవరాలితోనే పెట్టించాను. మొదటిది గడ్డలా వచ్చింది, రెండోది అద్దంలా వచ్చింది. క్రాంకు పిన్నుకి గింజంత గ్రీజు. గేజి మరకి టేపు మూడు చుట్లు. పీల్చే కన్నానికి ఫోము ముక్క. సేఫ్టీ వాల్వు మాత్రం పెట్టలేకపోయాను, ఆ సిలిండరు తలలో దానికి చోటు లేదు. అందుకని అల్లుడుగారితో ఖచ్చితంగా చెప్పాను. "మీరు దీన్ని ఆన్ చేసి ఫోను మాట్లాడుతూ పక్కకి పోకండి బాబూ. గాలి ఎక్కినంతసేపూ దగ్గరే ఉండండి." ఆయన సరేనన్నారు. ఇంకోటి కూడా చెప్పాను. ఇంజను నడుస్తుండగానే గాలి కొట్టాలి, కానీ మూసిన గరాజులో కొట్టకూడదు, పొగ ప్రాణం తీస్తుంది. ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ముని వదిలేస్తే ఈ పంపు చాలదు. అప్పుడు ఒక్కసారిగా బోలెడు గాలి కావాలి, అది టాంకున్న కంప్రెసరు దగ్గరే దొరుకుతుంది.

మళ్ళీ మీటరు పెట్టాం. మోటారు దగ్గర 13.4. వైరు చల్లగా ఉంది. ముందు 20 నుంచి 33కి ఎక్కడానికి ఏడు నిమిషాలు పట్టింది, ఇప్పుడు నాలుగున్నర. మోటారు అదే, సిలిండరు అదే. దానికి తిండి సరిగ్గా పెట్టాం, అంతే. కొత్త గేజి 33 చూపిస్తే నా ఇత్తడిది 32న్నర చూపించింది. మనవరాలు ఆ రెండు గేజీలనీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకుంది. ఆ ఫోటో తియ్యడం నాకు నచ్చింది.

ఇదంతా చెయ్యాల్సింది నేనా? ఏడువందలో వెయ్యో ఎక్కువ తీసుకుని మంచి రాగి వైరు, 60 పౌన్ల గేజి పెట్టి అమ్మితే కొనేవాళ్ళు లేరా? గేజి మీద 300 చూసి, ఇది బలమైనదనుకుని కొంటున్నాం గనక వాళ్ళు 300 వేస్తున్నారు. అడిగేవాడు లేక ఈ అధ్వాన్నం వచ్చింది. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా కొట్టాలని రూలుంది, ఎన్నిచోట్ల మిషను పనిచేస్తోంది? పనిచేసే చోట కుర్రాడు అంకె నొక్కి తలెత్తి చూడడు, మనం కారులోంచి దిగి చూడం. మా షాపులో వాల్వు మూత పెట్టేముందు తప్పనిసరిగా ఉమ్మి తడి రాసి బుడగ వస్తుందేమో చూసేవాళ్ళం. అర నిమిషం పని. ఆ అర నిమిషం పెట్టి ఉంటే మా వాళ్ళ టైరు ఇంటి దగ్గరే దొరికిపోయేది. వాల్వు పిన్ను వదులైంది, అంతే. కోదాడలో పిన్ను బిగించినవాడు ఇరవై రూపాయలు తీసుకున్నాడట.

వాళ్ళు వెళ్ళేరోజు పొద్దున్నే మనవరాలు బానెట్ ఎత్తి, క్లిప్పులు పట్టించి, నాలుగు టైర్లూ తనే చూసింది. ఎర్ర క్లిప్పు ముందు, నల్లది తర్వాత. ఎవరూ చెప్పలేదు. డ్రైవరు తలుపు పక్కన స్తంభం మీద అంటించిన కాగితం చదివి, "ముందు 33, వెనక 33, నిండా మనుషులుంటే వెనక 36" అని పైకి చదివింది. మేము నలభై ఏళ్ళు గాలి కొట్టినా మా రోజుల్లో అంత స్పష్టంగా రాసి ఎవరూ అంటించలేదు. అంటించినా చదివేవాళ్ళు లేరు.

వాళ్ళ కారు సందు మలుపు తిరిగేలోపు ఎదురింటాయన వచ్చారు, చేతిలో ఆయన పంపు. "మా అబ్బాయి ఆన్‌లైన్లో తెప్పించాడు, ఒకసారి చూడండి" అన్నారు. తిప్పి చూశాను. బ్యాటరీ లోపలే ఉన్న రకం, చార్జింగు పెట్టుకునేది. రబ్బరు కాళ్ళు లేపాను, కింద ఏమీ లేదు. స్టిక్కరు లేపాను, అక్కడా లేదు. ఒక్క స్క్రూ లేదు, రెండు చిప్పలూ గమ్ముతో అతికేశారు. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, తొందరపడి కత్తి దింపితే మంట లేస్తుంది. అరుగు మీద పెట్టాను. పగటి వెలుతురులో, అతుకు వెంట, సన్నటి బ్లేడుతో కొంచెం కొంచెంగా తెరవాలి.